రంగులత్త ఎర్ర సూపర్‌చార్జరు

ఒట్టురా, ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్లసెట్టు ఊడి నీ కాఫీలో పడాలి. కప్పు అలా దూరం జరుపుతావేం? నమ్మకం లేదా? సరే, విను. రంగులత్తంటే మా నాన్న అక్క, నాకు మేనత్త. నువ్వు పుట్టేనాటికే పోయిందిలే. పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో రంగులేసేది. మనిషెంత పొడుగంటే, ఇంజను నెత్తిమీద రంగెయ్యాలంటే మిగతావాళ్లు నిచ్చెనెక్కేవాళ్లు, ఆవిడ నడుం వంచేది. నవ్వకు. కావాలంటే మీ అమ్మనడుగు... వద్దులే, మీ అమ్మ నేను చెప్పిందల్లా సగానికి కోసి చెబుతుంది.

ఆవిడ రంగు వేసేది ముఖ్యంగా సూపర్‌చార్జరుకీ, దానిమీది గాలిగొట్టానికీ. సూపర్‌చార్జరంటే ఏం లేదురా, ఇంజను నోట్లో గాలి కుక్కే పెట్టె. చిన్నప్పుడు మీ అమ్మ నీ ముక్కు మూసి నోట్లో ముద్దలు కుక్కేది చూడు, అచ్చం అదే పని. దాని నెత్తిన కూర్చుని బయటి గాలి పీల్చేది గొట్టం. ఇంజను మూత తియ్యగానే ముందు కనపడేవి ఆ రెండే కాబట్టి పడవలవాళ్లకి వాటి మీదే మోజంతా. మా అత్త ముందు కిరసనాయిలుతో జిడ్డు కడిగేది, గరుకు కాగితంతో రుద్దేది, మళ్లీ కడిగేది. జిడ్డు పోయిందో లేదో చెంప ఆనించి చూసేది. ఆ చెంప ఎప్పుడూ నల్లగానే ఉండేది, ఎవరి పెళ్లికెళ్లినా కూడా. ఆ తర్వాత గాలి కన్నంలో గుడ్డ కుక్కాలి, లోపల రంగు చుక్క పడకుండా. కుక్కిన గుడ్డకి తోక మాత్రం బయటికి వేలాడదియ్యాలి. బిగించే ఫిట్టరు తోక చూసి గుడ్డ లాగేస్తాడు. తోక లేదంటే లోపల గుడ్డ లేదన్నమాట. ఆ షెడ్డులో అందరూ భయపడే చట్టం అదొక్కటే.

ఇంతలో ఊడిపడ్డాడు షెడ్డు ఓనరుగారి అల్లుడు, చేతిలో రంగు చిమ్మే కొత్త గన్నుతో. "ఇంకా బ్రష్షులేంటి మామయ్యా, ముసలమ్మలు ముగ్గులేసినట్టు! నేను బుస్సుమంటే అయిపోతుంది!" అనేవాడు. ఓనరుకి అల్లుడంటే మొహమాటం, మా అత్త నోరంటే భయం. మధ్యలో నలిగి నలిగి చివరికొక మాటన్నాడు: "పడవల కామందుగారి పెద్ద పడవ వచ్చింది. పెట్టెకి నువ్వు బ్రష్షుతో వెయ్యమ్మా, గొట్టానికి అల్లుడు గన్నుతో వేస్తాడు. పడవ నీళ్లలోకి దిగిన రోజు కామందుగారు ఎవరి రంగు మెచ్చితే వాళ్లే ఉంటారు. రెండోవాళ్లు ఇంటికే." ఇంటికే అంటే మా ఇంటికి, ఆవిడ ఉండేది మాతోనేగా! మా అమ్మ గరిటెలు దాచడం మొదలెట్టింది. అప్పటికే సెలవు రోజుల్లో అత్త మా గరిటెలకీ, నీళ్ల బిందెకీ, ఒకసారి మా పిల్లి తోకకీ రంగేసేసింది మరి. "వదినా, నువ్వు గెలవాలి, నీ కాళ్లు పట్టుకుంటా" అని నిజంగానే కాళ్లు పట్టుకుంది మా అమ్మ.

అత్త వేసింది చూడు ఎరుపు! దాన్ని చూసి పండిన మిరపకాయ సిగ్గుతో మళ్లీ పచ్చబడింది. కానీ ఒక తప్పు చేసింది. వేస్టు గుడ్డలు అయిపోతే, షెడ్డు వెనక తాడుమీద ఆరుతున్నదేదో లాక్కొచ్చి కన్నంలో కుక్కింది. దాని తోక ఒకటే ఊగుతోంది, తడి రంగుకి తగిలి గీత పడుతోంది. ఆవిడకి అలాంటి గీత పడితే ఆ పూట భోజనం దిగదు. తోకని వేలితో లోపలికి నెట్టేసింది, ఆరాక తీద్దాంలే అని. ఆరేసరికి ఆ మెరుపు చూసుకుంటూ మైమరిచిపోయింది. ఫిట్టరు వచ్చాడు, తోక లేదు, అల్లుడి పచ్చ గొట్టం పైన పెట్టి బిగించేశాడు.

పడవ దిగేరోజు ఊరంతా ఒడ్డునే. కామందుగారు తెల్ల చొక్కా. ఇంజను తిప్పారు. కాసేపు మూలిగింది, కుయ్యోమంది, గుప్పున నల్లపొగ కక్కి ఆగిపోయింది. ఆ పొగకి ఎగిరే కొంగ కాకైపోయింది. "బ్రష్షు వెంట్రుకలు లోపల పడుంటాయి!" అన్నాడు అల్లుడు. ఫిట్టరు "ఇంజనంతా విప్పాలి" అన్నాడు. మా అత్తకి మాత్రం అప్పుడే తోక గుర్తొచ్చింది. చెబితే పని పోతుంది, చెప్పకపోతే ఫిట్టరు పరువు పోతుంది. పాపం ఫిట్టరు అప్పటికే ఏడుస్తున్నాడు. "ఆగండ్రా, తోక నేనే దాచాను" అంటూ పడవలోకి దూకింది, బోల్టులు విప్పి గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని పైకి లేపింది. లేపితే ఏముంది, గొట్టం వచ్చింది, దానిమీది పచ్చరంగు మొత్తం పాలమీగడలా ఊడి ఆవిడ అరచేతులకి అంటుకుంది! జిడ్డు కడగకుండా చిమ్మేశాడు మహానుభావుడు, ఇంజను కాస్త వేడెక్కేసరికి పొంగిపోయింది.

ఆ పచ్చచేతులతోనే కన్నంలోకి భుజందాకా దూర్చి లాగింది. వచ్చింది... చారల నిక్కరు. ఓనరుగారిది! "ఎవరిదిది?" అని జెండాలా ఎత్తింది. "నాది కాదు!" అన్నాడు ఓనరు, అడగకముందే. జనంలోంచి ఆయన పెళ్లాం, "అయ్యో మీదేనండీ, వెనకాల మాసిక నేనేసిందేగా! పనిమనిషి కొట్టేసిందని దాన్ని తిట్టిపోశారు కూడా!" అని అరిచింది. కామందుగారు నవ్వీ నవ్వీ ఆ ఎర్ర పెట్టెమీదే పడి దొర్లాడు. లేచి తెల్లచొక్కా చూసుకున్నాడు. చుక్కంటే చుక్క ఎరుపు అంటలేదు. మసి ఉంది, పచ్చ ఉంది, ఎరుపు లేదు. "ఈవిడే ఉండాలయ్యా నా పడవలకి" అన్నాడు. "కాకపోతే గుడ్డలు మీ ఆవిడ లెక్కపెట్టి ఇవ్వాలి." అల్లుణ్ణి గన్నుతో సహా పంపేశారు, పొలాల్లో మందు చిమ్ముకున్నాడట తర్వాత. మా అమ్మ ఆనందం పట్టలేక గరిటె గిరాటేసింది, అదింకా కిందపడలేదు.

చచ్చేదాకా ఆ పనే చేసింది మా అత్త. చివర్లో చూపు ఆనేది కాదు, చెంప ఆనించే చూసేది. నాక్కూడా నేర్పింది, జిడ్డుంటే చెంపకి ఎలా తెలుస్తుందో...

సరేగానీ లే. సందు చివర కొట్లో ఇంజన్లకేసే ఎర్రరంగు చిన్న డబ్బా, ఒక బ్రష్షు పట్రా. ఎందుకో తర్వాత చెబుతా. ఆగాగు, నడిచి వెళ్లు. నీ స్కూటరు ఇక్కడే ఉండనీ, జిడ్డు తుడవాలి.