తాత గుండె గీత

"తాత గుండె ఆగి మళ్ళ కొట్టుకున్నదంట, నిజమేనా అమ్మమ్మా" అని అడిగిన. అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టే రాసిన.

నిజం గాకపోతే ఏంది బిడ్డా. గా మంచంల కూసొని బీడి అడుగుతున్నది ఎవరనుకున్నవ్? ఇయ్యను, డాక్టర్ వద్దన్నడు.

అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. కల్లంల ఆకు కట్టలు ఎండబెడుతుంటిమి. గప్పుడు ఆ పైసలతోనే ఉప్పు, బియ్యం, బట్టలు, అన్ని. మీ తాత కట్టలు తిరగేసుకుంట రొమ్ము పట్టుకున్నడు. ఒకటే చెమట. గ్యాసు అన్నరు, సోడా తాపిన్రు. సోడా గాదు, వాము నీళ్ళు. మా ఆడబిడ్డ సీతమ్మ లేదూ, తాత చెల్లె, ఆమె ఇప్పటికి సోడానే అని కొట్లాడుతది.

అంబులెన్సు బండ్లు అప్పుడే కొత్తగ వచ్చినయ్. ఫోను చేస్తే చర్ల రోడ్డు దాకనే వస్తమన్నరు, మనకు మధ్యల వాగు గద. మంచానికి కర్రలు కట్టి మోసిన్రు. బండి కనబడుతనే ఉన్నది, గప్పుడే తాత చెయ్యి జారింది. ఊపిరి లేదు.

సీతమ్మ రొమ్ము మీద పడ్డది, నేను కాళ్ళ మీద పడ్డ. మనకాడ తెల్వదా, మనిషి పోతే మీద పడి ఊపుకుంట రాగం తియ్యాలె. తియ్యకపోతే ప్రేమ లేదంటరు.

అంబులెన్సు అతను ఉరికొచ్చిండు. రొమ్ముకు రెండు బిళ్ళలు అంటించి, వైర్లు మిషన్‌కు పెట్టిండు. అది ఇంగిలీసుల ఏందో ఒర్రుతది. "వదులుండ్రి అమ్మా, మీరు ఊపితే మిషను మీ ఊపుడే చదువుతది, ఆయన గుండెను చదువది" అన్నడు. సీతమ్మ వింటదా?

"మా అన్న పోయిండు, ఏడ్వనియ్యవా నువ్వు?"

"పోయిండో లేదో గదే చూస్తున్ననక్కా" అన్నడతను, మెల్లగనే.

ఆ మాటకు నా చేతులు వదిలినయ్. సీతమ్మను రెక్క పట్టి గుంజిన.

మిషన్ల గీత సన్నగ వణుకుతున్నది. మోసుకొచ్చినోళ్ళు "సినిమాల లెక్క రొమ్ముకు కరెంటు పెట్టు సారూ, ఏం చూస్తున్నవ్" అని ఒకటే లొల్లి. అతను పెట్టలే. "గుండెల ఇంక పానం ఉన్నది, బలమే లేదు. ముందు నొక్కి నెత్తురు అందియ్యాలె, అప్పుడు కరెంటు పనిచేస్తది" అని రొమ్ము నొక్కుడు మొదలువెట్టిండు. ఎముక పటుక్కుమన్నది, నాకు ఇనపడ్డది. అతను అలిసిపోతె డ్రైవరు నొక్కిండు. మళ్ళ అందరిని జరగమని చూస్తే, గీత ఇప్పుడు పెద్దగ ఎగురుతున్నది. అప్పుడు పెట్టిండు కరెంటు. తాత ఒక్కసారి ఎగిరిపడ్డడు. ఏం లేదు. మళ్ళ నొక్కిండు, నొక్కిండు... ఇగ, గొంతుల గురక లెక్క వచ్చింది బిడ్డా. గంత మంచి సప్పుడు నేనెన్నడు ఇనలే.

భద్రాచలం దవాఖానల కండ్లు తెరిచి, ఆకు కట్టలు తిరగేసిన్రా అని అడిగిండు. నా ముచ్చట గాదు, కట్టల ముచ్చట. ఇంటికొచ్చినంక సీతమ్మను పట్టుకున్నడు. "నాకు రాగం బాగ తీసినవంట, ఇనకపోతిని. ఓసారి తియ్యి" అంటడు. ఆమె చీపురు ఎత్తుతది.

గదే సీతమ్మ, పోయిన నెల సంతల ఒకాయన పడిపోతే, ఏడ్సుకుంట మీద పడబోయిన ఆడోళ్ళను వెనుకకు గుంజి, "ఏడుపు తర్వాత, ముందు నొక్కుండ్రి" అని తనే కూసున్నది. బండి వచ్చెదాక నొక్కింది. ఆయన బతికిండు. మొన్న జామకాయలు పంపిండు.

తిను ఒకటి. నీ గుండె చల్లగుండాలె బిడ్డా, దాని సప్పుడు కోసం ఎవ్వలు చెవి పెట్టే పని పడొద్దు... ఇగో, మీ తాత మళ్ళ పిలుస్తున్నడు, బీడికే...