ఎక్కని కొండకు పూలదండ

లాడ్ బజార్‌లో వెంకటనారాయణ గాజుల దుకాణం. గిరాకీ పల్చబడ్డ మధ్యాహ్నం. ఆర్మీ ఆఫీసర్ శిక్షణలో ఉన్న కూతురు హరిచందన, తోటి కేడెట్లతో కిర్గిజిస్తాన్ మంచుకొండల్లో సాహసయాత్ర ముగించుకుని సెలవు మీద ఇంటికొచ్చింది. తండ్రి పట్టుబట్టి ఆమెను దుకాణానికి తీసుకొచ్చాడు.

"దండ వద్దంటే ఎట్ల బిడ్డా? పక్క దుకాణం మొహియుద్దీన్ భాయ్ పొద్దుగాల్నే పోయి పూలకు చెప్పొచ్చిండు. సాయంత్రం అందరొస్తరు."

"నేనేమన్న ఎలక్షన్ గెల్సిన్నా బాపు?"

"కొండ గెల్సినవ్ గదా. ఎలక్షన్ ఎవడన్న గెలుస్తడు."

"బజార్ల అందరికీ చెప్పినవా?"

"అందరికీ ఏడ చెప్పిన? ఈ లైన్ల చెప్పిన, ఆ లైన్ల చెప్పిన, గంతే."

"మన బజార్ల ఇంకో లైన్ ఏడుంది!"

"గదే అంటున్న. ఎక్కువేం చెప్పలే."

"ఏమని చెప్పినవ్?"

"ఏముంది? మా బిడ్డ కిర్గి... కిర్గిస్... గా రష్యా పక్కకున్న దేశం పోయి, మంచుకొండ మీద జెండా పాతొచ్చిందని."

"కిర్గిజిస్తాన్. రష్యా పక్కకు లేదది."

"మొహియుద్దీన్ భాయ్‌కు గట్లనే చెప్పిన. ఆయనకు తెల్వదు, నాకు తెల్వదు. ఇద్దరం ఖుష్."

"జెండా పాతిన అని నేను నీకెప్పుడు చెప్పిన?"

"చెప్పాల్నా? చిన్నప్పుడు మీ అమ్మ అటక మీద డబ్బా దాస్తే నిచ్చెన లేకుంటనే ఎక్కినదానివి."

"అది అటక బాపు."

"కొండంటే ఏంది మరి? పెద్ద అటక. ఆ... ఆయియే ఆపా, ఆయియే! లాల్ మే భీ హై, హరే మే భీ హై. ఆగే దేఖ్‌కే ఆతే? అచ్ఛా, ఆరాంసే ఆయియే. చూసినవా, ముందట దుకాణాలు చూసొస్తనని గిరాకీ పోయింది. నువ్వు గిట్ల మొఖం పెట్టుకొని కూసుంటే గిరాకీ ఎట్లొస్తది?"

"నా మొఖానికేమైంది?"

"ముక్కు తోలు లేస్తున్నది, పెదాలు పగిలినయ్. వెన్నపూస రాయమంటే రాస్తలేవంట, మీ అమ్మ లొల్లి పెడుతున్నది."

"మంచు మీద ఎండ తగిలితే గట్లనే అయితది."

"సరే, ఫోటో ఏది?"

"ఏ ఫోటో?"

"కొండ మీద తీసుకున్నది. పెద్దగ చేపిచ్చి గల్లా మీద పెడ్త, లక్ష్మీదేవి పక్కకు."

"ఫోన్ల ఛార్జింగ్ లేదు."

"నిన్న గూడ లేకుండె."

"బాపు..."

"మొన్న గూడ లేకుండె. నీ ఫోన్ ఏమన్న ఉపాసం ఉన్నదా?"

"పైన ఫోటో లేదు బాపు."

"కెమెరా గడ్డకట్టిందా?"

"నేను పైకి పోలే."

"జర ఆ ఎర్రగాజుల డబ్బా ఇటియ్యి."

"విన్నవా? పైకి పోలే. శిఖరం కనవడ్తనే ఉండె. గాడికెళ్లి తిరిగొచ్చిన."

"ఇంకెంత ఉండె? ఈడికెళ్లి చార్మినార్ అంతనా?"

"దానికంటే జర ఎక్కువ."

"మక్కా మసీద్ దాక అనుకో."

"నవ్వకు బాపు."

"నేనేడ నవ్విన? ఏమైంది చెప్పు."

"ఏముంది. దమ్ము అందలే. తల పగిలిపోతున్నట్టు, వాంతులు. ఇగ నాతోని కాదన్న. ఒక్క తాడుకు నలుగురం కట్టుకొని ఉంటిమి. ఒకరు దిగాలంటే అందరూ దిగాలె."

"తాడుకు నువ్వే లీడర్‌వి అన్నవ్ గదా?"

"నేనే. పక్క తాడోళ్లు ఎక్కిన్రు, జెండా పాతిన్రు. మేం దిగినం."

"నీ తాడోళ్లు ఏమన్నరు?"

"ఏమనలే."

"ఒక్క మాట గూడ?"

"ఏమనొద్దని నేనే చెప్పిన... అంటే, ఏమనలే. ఇడిసిపెట్టు."

"మన సైదాబాద్ పిల్ల, నీ దోస్తు ప్రీతి? ఆమె నీ తాడుకే ఉండెనా?"

"ఆమె సంగతెందుకిప్పుడు?"

"అడుగొద్దా?"

"ఉండె. ఆమె గూడ ఏమనలే."

"మంచిది. మరి మీ సార్లు?"

"రిపోర్టుల రాసిన్రు. తన ఒంటి సంగతి తనకే తెల్వని లీడర్ టీమును అంత ఎత్తుకు తీస్కపోయిందని. ఆర్నెల్లు వెనక్కి పెట్టినా పెడ్తరంట. సెలవైనంక చెప్తరు."

"వెనక్కంటే?"

"నా జతోళ్లందరూ భుజం మీద స్టార్లు పెట్టుకొని పోతరు. నేను మళ్ల గదే గ్రౌండ్ల ఉర్కాలె."

"గంతేనా? నేను టెన్త్ మూడుసార్లు రాసిన. మూడోసారి హాల్లకు పోతే సారే లేచి నాకు నమస్తే పెట్టిండు."

"నవ్వియ్యకు బాపు, ఏడుపొస్తున్నది నాకు."

"రెండూ ఒక్కసారే కానియ్. టైమ్ మిగుల్తది."

"భాయ్‌కు చెప్పు దండ వద్దని. నీకు దండం పెడ్త."

"పూలకు చెప్పినంక వద్దంటే ఎట్ల? వేపిచ్చుకో."

"ఎక్కని కొండకా?"

"ఎక్కి దిగనోళ్లకు గూడ దండ వేస్తరు బిడ్డా. ఫోటోకు. నీకు మెడల వేస్తున్నరు. నాకు గది చాలు."

"మరి బజార్ల నీ ఇజ్జత్?"

"నా ఇజ్జత్ లక్క గాజు. జర సెగ చూపెడితే మళ్ల అతుకుతది. నువ్వు ఫికర్ చేయకు, నేనే చెప్త. మా బిడ్డ కొండకు మళ్లొస్తనని చెప్పొచ్చిందంట."

సరిగ్గా అప్పుడే ప్రీతి దుకాణం మెట్టెక్కింది.

"నమస్తే అంకుల్."

"అరే! పేరు తీసిన్నో లేదో వచ్చినవ్. నూరేండ్లు నీకు. రా బిడ్డా, రా, కూసో."

"నువ్వెందుకొచ్చినవే ప్రీతి?"

"గాజులు కొననీకి. వద్దా? దుకాణం నీదా?"

"బోర్డు మీద నా పేరే ఉన్నది బిడ్డా, దీనికింకా ఇయ్యలే. నువ్వొచ్చింది మంచిగైంది. దీని తరఫున నేను మీ అందరికీ మాఫీ చెప్పాలె."

"మాఫీనా? మీరా? ఎందుకు?"

"బాపు, ఆమెకు చాయ్ చెప్పు."

"చెప్త, ఆగు. దీనికి దమ్ము అందక మిమ్ములందర్ని కిందికి గుంజుకొచ్చిందంట గదా. నువ్వు పక్కకే ఉంటివి. వాంతులు చేసుకుంటుంటే జర పట్టుకున్నవా లేదా దోస్తును?"

"చందనా... ఇంట్ల గూడ గిట్లనే చెప్పినవా?"

"ప్రీతి, ఊకో."

"సార్లకు చెప్పినవ్, సరే. మీ బాపుకు గూడనా?"

"ఊకోమన్ననా? బాపు, చాయ్..."

"చాయ్ లేదు గీయ్ లేదు. ఏంది సంగతి? ఎవలన్న ఒకరు చెప్పుండ్రి."

"దమ్ము అందనిది నాకు అంకుల్. వాంతులు నాకు. ముందటి దినం సంది తలనొప్పి ఉండె. చెప్తే పైకి పోనియ్యరని దాచిన. దీనికి తెలిసి తాడు ఆపింది. నేను ఎక్కుత, నీ అయ్య కొండనా ఇది అని తిట్టిన. మాఫ్ చేయుండ్రి, మిమ్ముల్నే అన్న."

"అను బిడ్డా, పర్వలేదు. కొండ నాది కాదు. తర్వాత?"

"తర్వాతేముంది, నన్ను పట్టుకొని దించింది. కిందికొచ్చేసరికి నాకు తగ్గింది. నేను నోరు తెరవకముందే సార్ల దగ్గరికి పోయి, ఒంట్ల బాగలేంది నాకే అని చెప్పేసింది. మిగిలిన ఇద్దరి నోరు గూడ మూయించింది."

"జబ్బు దాచినవని తెలిస్తే నిన్ను ఉంచుతరానే? మీ ఖాన్దాన్‌ల నువ్వే మొదటి ఆఫీసర్‌వని మీ డాడీ చర్చిల కేకు కోసిండు. మర్సిపోయినవా?"

"అందుకని నీ పేరు ఖరాబ్ చేసుకుంటవా?"

"నా పేరుకేం గాదు. పడ్డా గూడ మా బాపు మాటలతోనే లేపి నిలవెడ్తడు నన్ను."

"చందనా, ఇటు చూడు. నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే ఈ లైన్ల చెప్తవ్, ఆ లైన్ల చెప్తవ్ గదా బాపు."

"అది నిజమే. అబద్ధం ఎందుకాడాలె... నిజమే. ఆగుండ్రి, కండ్లల్ల ఏదో పడ్డది. ఈ గాజుల మెరుపు పొడి గిట్లనే పడ్తది ఎప్పుడూ. ప్రీతి బిడ్డా, అయిందేదో అయింది. మా చందన మాట మీదనే ఉందాం. నేనెవ్వరికి చెప్ప, ఒట్టు."

"మీరు చెప్పుడెందుకు అంకుల్, నేనే చెప్పేసిన. నిన్న అకాడమీకి ఫోన్ చేసిన. ఇయ్యాల సార్ మళ్ల చేసిండు. అబద్ధమాడినందుకు చందనకు వీపు మీద మూట కట్టి ఉరికిపిస్తరంట. నన్ను తీసేస్తలేరు గని, వెనక్కి పెట్టుడు మాత్రం నన్నే, ఆర్నెల్లు. లేచి నిలవడవే, గట్ల చూడకు. ఇగ నువ్వే ముందుగాల ఆఫీసర్‌వి అయితవ్. సెల్యూట్ ఇప్పటి సందే అలవాటు చేసుకుంట... మేడం."