టిఫిన్ డబ్బా పెట్టిన జాగ

ఇంకెంత జరుగుమంటవు వెంకటీ? నీ కట్టు కట్టిన కాలు ఒక్కటే రెండు సీట్లు పట్టింది. దవాఖానల రెండు నెలలు మేపిండ్రు. కాలు మానలే గాని, నువ్వు మాత్రం బలిసినవు.

ఖాదర్ భాయ్, వ్యాను మెల్లగ పోనియ్యి. వీని విమానం సాయంత్రానికి గదా. అందాక వీని పేరు మీద ఏమేం జరిగినయో చూపిస్త. పెండ్లికొడుకు మంచంల ఉండంగనే పెండ్లి అయిపోయినట్టున్నది వీని కథ.

నిద్రపోకు మరి. నీకు నిద్ర ఎక్కువని క్యాంపంత అనుకుంటరు.

గిదే మన నువైద్రాత్ లేబర్ క్యాంపు గేటు. నువ్వు లారీల నుంచి పడ్డ తెల్లారి, అదే పైకప్పు లేని లారీ మళ్ళ వచ్చి నిలబడ్డది. ముత్తన్న పోయి గీడ నేల మీద కూసున్నడు. వాని వెనక సోమరాజు, ఆయన వెనక అరవై మంది. బస్సు పెట్టేదాక లారీ ఎక్కేది లేదన్నరు.

ముత్తన్న ఎందుకు కూసున్నడో ఎరుకేనా? బూటుల రాయి పడ్డది. తీసి లేద్దామని చూసేసరికి చుట్టూ జనం. లేస్తే ఇజ్జత్ పోతదని లీడర్ అయిండు. నవ్వకు, కట్టు కదులుతది.

కూసుంటే డ్యూటీ ఎగ్గొట్టిండ్రని ఇంటికి పంపిస్తరు, నడుద్దాం అన్నది నేనే. మీనా సల్మాన్ వర్క్‌షాపు దాక, రోజూ. ముందు నేను.

గా కోల్డ్ స్టోర్ కిరాణ దుకాణం చూడు. మలయాళీ భాయ్ మా కోసం నీళ్ళ డ్రమ్ము బయట పెట్టిండు. సోమరాజు ఆ డ్రమ్ము కాడ ఎంతసేపు నిలబడేటోడంటే, దారిన పోయేటోళ్ళు దుకాణం ఆయనదే అనుకున్నరు.

ఇది నువ్వు పడ్డ మలుపు. ఇక్కడికొస్తే అందరు తలకాయ దించుకొని నడిచేటోళ్ళు. నేను సుత. నమ్మవా? ముత్తన్నను అడుగు.

పదో రోజు బస్సు వచ్చింది. పైకప్పు, సీట్లు, అద్దాలు. రెండువేల ఏడు మోడల్ అని రాసున్నది, సోమరాజు ఎక్కినప్పుడల్ల చదువుతడు. ఇప్పుడు కిటికీ సీటు కోసం కొట్లాట. పోరాటం ఇంక ఒడవలే.

భాయ్, ఇక్కడ ఆపు. మనామాల మన కంపెనీ ఆఫీసు ఇదే. చూసేటందుకు ఏం లేదు, చెప్పేటందుకున్నది.

లారీల క్యాబిన్ వెనక జాగకు గాలి కొట్టదు, పట్టుకునేటందుకు కడ్డీ ఉంటది. మన దిక్కు బస్సు సీట్ల తువ్వాల ఏసినట్టు, ఎవని టిఫిన్ డబ్బా ముందు పెడితే ఆ జాగ వానిది. ఆ పొద్దు నువ్వే ముందు పెట్టినవు. ఎక్కేసరికి నీ డబ్బా లారీ చివరన ఉన్నది. సోమరాజు జరిపిండని రెండు నెలల సంది ఆయనను తిడుతున్నవు.

ఆయన కాదు. నాకు ఆ పొద్దు చలి పెట్టింది.

గట్ల చూడకు, ఇంకోటున్నది. ఎట్ల పడ్డడని ఫోర్‌మన్ అడిగిండు. వెంకటి నిలబడి సుత నిద్రపోతడని నేనన్న. ఊకెనే అన్న. ఈ పోశన్న నోట్ల నువ్వుగింజ నానదని నువ్వే అంటవు గదా. ఫోర్‌మన్ అదే రాసుకున్నడు. నేను సంతకం పెట్టిన. ఆ కాగితం చూపెట్టే, తప్పు నీదేనని, కాలు మానకముందే నీకు ఖలాస్, ఇంటికి పో అన్నరు.

తొమ్మిది రోజులు అందరికంటే ముందు ఎందుకు నడిచిన అనుకున్నవు?

ఇప్పుడు పైకి పోయి, వాడు మెలకువతోనే ఉన్నడు, నేను చెప్పింది అబద్ధమని రాసిస్త. వాళ్ళు ఒప్పుకుంటే నీ టికెట్టు ఆగుతది. లేకుంటే నాకు సుత ఒక టికెట్టు కొంటరు. విమానంల నీ కాలు నా ఒళ్ళె పెట్టుకో, ఏం చేస్తం.

నా టిఫిన్ డబ్బా గీ సీట్ల పెట్టి పోతున్న. ఎవ్వరిని జరపనియ్యకు.

నువ్వు జరిపితే నేనేమనను.