అంచున రాసిన పేరు

ఆ కలం కింద పెట్టు జుడిత్. పుస్తకం అంచున ఎవరి పేరు ఎక్కిస్తున్నావో చూశాను, నాకింకా చూపు పోలేదు. కథలో ఆవిడ అసలెవరో ఊహించావా? మహా సులువు తల్లీ, పేరు నీది కానప్పుడు. నేను బైండింగ్ కొట్టు నడిపిన రోజుల్లో జాస్పర్ పిల్‌బీమ్ అని ఒక మహానుభావుడుండేవాడు. లండన్‌లో పెద్దిళ్ళ ఆడవాళ్ళ పరువంతా ఆయనగారి సిరాబుడ్డిలోనే ఉండేది. వాళ్ళ గుట్టంతా కథలుగా, కోర్టుకి దొరక్కుండా మనుషులకి దొంగపేర్లు పెట్టి రాసేవాడు. అసలు పేర్లు జనమే ఊహించి అంచున రాసుకునేవాళ్ళు. కాఫీ కొట్లో ఒకడు రాసింది చూసి పదిమంది ఎక్కించుకునేవాళ్ళు. ఆ చలికాలం, కాదు, అంతకు ముందేడు, థేమ్స్ నది గడ్డకట్టిన ఏడు... సరే, ఏదో ఒకటిలే. ఒక పుస్తకంలో సెలిమెరా అనే ఇల్లాలిని పుట్టించాడు. మొగుడు రాసుకుంటూ కూర్చుంటే వెనక గుమ్మంలోంచి ఓ కెప్టెన్ని రానిస్తుందట. ఉత్త కల్పన. కాకపోతే మనవాడికి బద్ధకం జాస్తి. మనిషిని కల్పించాక రూపురేఖలు కూడా కల్పించాలంటే శ్రమ కదా? ఎదురుగా మేజోళ్ళు అల్లుకుంటున్న పెళ్ళాన్ని చూసి దించేశాడు. చెవి కింద మచ్చ, నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, అన్నీ ఆ పెళ్ళాం హెస్టర్‌వే. ఆవిడ చర్చికీ సంతకీ తప్ప గడప దాటి ఎరగదు.

వారం తిరక్కుండా పుస్తకాల అంచుల నిండా హెస్టర్ పేరే. నా కొట్టుకొచ్చిన వాటిలోనే ఏడు చూశాను. చూసి ఊరుకున్నాను, అదీ చెప్పుకోవాలి. పిల్‌బీమ్ కాఫీ కొట్లో బల్లెక్కి, అదంతా అబద్ధం, నేనే కల్పించానని ప్రమాణం చేశాడు. ఉన్ని వ్యాపారి గాడ్‌బోల్ట్ కప్పు దించకుండానే, "పోయినేడు మా వదిన గురించి రాసినప్పుడు అక్షరం అక్షరం నిజమన్నారు కదండీ?" అన్నాడు. అంతా నవ్వారు. పాపం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిజం చెప్పాడు, ఒక్కడూ నమ్మలేదు.

హెస్టర్ అరవలేదు. "మచ్చ నాదైనప్పుడు, మిగతాది నాది కాదని ఎవరికి చెప్పను?" అని మాత్రం అడిగి, నారిచ్ ఊరెళ్ళే బండెక్కి అన్నగారింటికి పోయింది. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత ఆయన ఒక్క ముక్క రాయలేదు. జేబులో చిన్న కత్తి పెట్టుకుని కొట్టుకొట్టూ తిరిగి, ఆ పుస్తకం కనబడితే చాలు, అంచున ఆవిడ పేరు గీకేవాడు. కాగితం చిరిగేది. పుస్తకాలు పాడుచేస్తున్నాడని కాఫీ కొట్లవాళ్ళు గుమ్మంలోనే ఆపేశారు. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "ఆ పుస్తకం మొత్తం ఎన్ని ప్రతులు కుట్టారండీ?" అన్నాడు. పన్నెండు వందలన్నాను. అప్పటికి గీకినవి నలభై. ఇంకో ఆరేళ్ళు బతికాడు, గీకుతూనే.