మగ్గంలో మిగిలిన కొసలు

బెంగళూరు బస్సుకు ఇంకా గంట ఉంది. ఎమ్మిగనూరులో పక్కపక్క మగ్గాల మీద పదేళ్లు నేసిన ఆడవాళ్లిద్దరూ గడపలో కూర్చున్నారు. పనికోసం ఊరు వదిలి వెళ్తున్నది చిన్నామె.

"ఏందక్కా ఇది? గాజులో వల అల్లినావే!"

"డ్రీమ్ క్యాచరంట. ఫోన్లో సూసి నేర్సుకున్యా. తలకాడ కట్టుకో, సెడ్డ కలలు దీంట్లో సిక్కుకుంటాయంట."

"కోడి ఈకలు గూడా కట్టినావు. దారం యాడిది?"

"సీర కోసినాంక మగ్గంలో మిగిలిన పడుగు కొసలు."

"అవి కోసేసినావా? ఆ కొసలకే గదక్కా కొత్త పడుగు అతికేది! ఆడ పని కుదరక తిరిగొస్తే నేను దేనికి అతకాల?"

"నీ మగ్గం నేను ముట్టలేదులే. నువ్వొస్తావని కొసలు అట్లే పెట్టినా."

"మరి ఇవి?"

"నా మగ్గానివి. పక్కన నీ సప్పుడు లేకుంటే నాకు సెయ్యాడదు."