ఈసారి ఉట్నూరు దాకా

లక్ష్మణ్ గోదావరిఖని బొగ్గుబావిలో ఎలక్ట్రీషియన్. ముష్తాక్‌కు అదే ఊళ్లో చెప్పుల దుకాణం. పదేళ్లుగా ప్రతి చలికాలం ఇద్దరూ ఖని నుంచి కుంటాల జలపాతం దాకా నడుస్తారు. ఈసారి నాలుగో రోజు మధ్యాహ్నం, జన్నారం దాటాక అడవిలో, రోడ్డు పక్కన కూర్చుని అన్నం డబ్బా విప్పారు.

"మళ్ల పెరుగన్నమేనా, ముష్తాక్?"

"పెరుగన్నం చలువ చేస్తది, లక్ష్మణ్. తిను."

"చలికాలంల చలువెందుకురా? నిన్న పెరుగన్నం. మొన్న పాలల్ల నానవెట్టిన బన్ను. పొద్దుగాల పిసికిన అరటిపండు. నేనేమన్న పండ్లు మొలవని పోరన్నా?"

"దూరం నడిచేటోళ్లు గిదే తింటరట. ఫోన్ల చూసిన."

"ఏ ఫోన్ల? పదేండ్ల సంది నడుస్తున్నం. సర్వపిండి మోసినం, కోతులు ఎత్కపోయినయి. నీ బిర్యానీ మోసినం, రెండో దినం దాని వాసనకు కుక్కలు గూడ ఎంట రాలే."

"అది మా అమ్మీ చేసిన బిర్యానీ. దాన్నేమనకు."

"సరే, అమ్మీని ఇడిసిపెడ్త. మరి నీ కిచిడీ? కడెం కాల్వ ఒడ్డున ఉప్పనుకొని సర్ఫు పొడి ఏసినవ్ సూడు?"

"రెండు పొట్లాలు ఒక్క తీరుగుండె, యార్."

"నురుగొచ్చింది. 'మస్తు పొంగింది, మంచి బియ్యం' అన్నవ్."

"నువ్వు రెండు ప్లేట్లు తిన్నవ్ గదా!"

"మీ ఇండ్లల్ల కిచిడీ గట్లనే ఉంటదేమో అనుకున్న. మూడు దినాలు కడుపంత ఉతికి ఆరేసినట్టుండె."

"తోబా, తోబా. నవ్వియ్యకు, అన్నం ముక్కులకెక్కుతది. మరి నువ్వు తక్కువనా? పోయినేడు హైదరాబాద్ పోరలు కలిసిండ్రు. పెద్ద పెద్ద సంచులేసుకొని. పాపం, అండ్ల ఒక పోరి తినుమని చాక్లెట్ పట్టీ ఇస్తే నువ్వేం జేసినవ్?"

"ఉల్లిగడ్డ అడిగిన. చప్పగుండె, ఏం జెయ్యాలె?"

"ఆ పోరి ఇంకా నవ్వుతుండొచ్చు."

"నవ్వనీ. గట్లాంటి నాకు ఈయేడు గీ దవాఖాన తిండేందిరా?"

"నాకే కడుపు బాలేదు. నీకు వేరే ఏం జేస్త?"

"కడుపు బాలేదా? మొన్న లక్సెట్టిపేటల నేను ఒంటికి పోయొచ్చే లోపట ఆరు మిర్చి బజ్జీలు తిన్నవ్. నూనె కాయితం నీ సంచిల జూసిన."

"నాలుగే."

"ముష్తాక్."

"నాలుగే తిన్న, కసమ్."

"ఉమ ఫోన్ జేసిందా?"

"ఏ ఉమ?"

"నా పెండ్లాం ఉమారాణి. నీకు ఎంతమంది ఉమలు ఎర్క?"

"జేసింది. మనం బయలుదేరే ముందటి రోజు."

"ఏమన్నది?"

"మెత్తటివి పెట్టుమన్నది. కారం వద్దన్నది. నోట్లె పుండు అన్నది."

"పుండే."

"ఇంకో మాట గూడ అన్నది. ఏడ్చుకుంట అన్నది."

"అంత తెల్సి నాలుగు దినాల సంది సర్ఫు కిచిడీకి నవ్వుతున్నవా?"

"నువ్వు నవ్వుతున్నవ్ గదా. నేనెట్ల ఆపుదును?"

"బాయిల బీడీ కాల్చనియ్యరు, ముష్తాక్. బుగ్గల తంబాకు వెట్టుకొని ఇరవై ఏండ్లు నమిలిన. గంతే. ఎవ్వల తప్పు లేదు."

"ఆపరేషన్ ఎప్పుడు?"

"వచ్చే మంగళారం. హైదరాబాద్‌ల."

"నాలుక... ఎంత తీస్తరు?"

"సగం మీదికే. తొడ కాడి కండ దెచ్చి అతుకేస్తరట."

"నీ తొడ తిని తిని బలిసింది. మంచి నాలుకనే వస్తది."

"నవ్వియ్యకురా. నవ్వుతె మండుతది."

"అటెన్క రుచి తెలుస్తదా?"

"అడుగలే."

"అడుగలేదా? నువ్వు?"

"మాట సంగతి అడిగిన. కొన్ని నెలలు అసలే రాదన్నరు. అటెన్క నేర్పిస్తరట గని, ఇంట్లోళ్లకైతె సమజైతదట. బయటోళ్లకు కష్టమట."

"నాకు సమజైతది."

"నీకు ఇప్పుడే సమజ్ గాదు."

"లే. వాపస్ పోదాం. జన్నారంల బస్సు దొర్కుతది. ఆపరేషన్ ముందు వెట్టుకొని గీ నడకేంది నీకు? ఉమ ఎట్ల పంపింది అసలు?"

"ఎందుకు పోతున్ననో చెప్తే పంపింది. ఈసారి కుంటాల వద్దు, ముష్తాక్. ఉట్నూరు దాకనే."

"ఉట్నూరా? ఆ పేరెత్తితేనే మొకం తిప్పుతవ్. ఏటా ఊరు తాకకుండ చెరువు కట్ట మీదికెల్లి తీస్కపోతవ్ నన్ను."

"ఉట్నూరుల నా తమ్ముడున్నడు."

మరునాడు మధ్యాహ్నం. ఉట్నూరు ఇంకా నాలుగు కిలోమీటర్లుంది.

"పదేండ్లల్ల నీకు తమ్ముడున్నడని ఒక్క మాట జెప్పలే నువ్వు."

"గోపాల్ వాని పేరు. బస్టాండ్ కాడ చిన్న హోటల్ నడుపుతున్నడట."

"హోటలా? తమ్ముని హోటల్ వెట్టుకొని మనం ఏటా చెరువు కట్ట మీద అటుకులు బుక్కినమా?"

"బుక్కినం."

"కొట్లాటేంది? బాపు నౌకరి కాడనా?"

"అందరు గట్లనే అనుకుంటరు. బాపుకు ఊపిరితిత్తులు చెడిపోతె, కొడుకులల్ల ఒక్కనికి నౌకరి ఇస్తమన్నరు. నేను తీసుకున్న. గోపాల్ ఒక్క మాట అనలే. ఆరేండ్లకు బాపు సచ్చిపోయిన్నాడు పాడె మోసిండు. పదకొండో దినం దాక ఆడనే ఉన్నడు."

"మరి?"

"పదకొండో దినం భోజనాలు. వాడు పొద్దటి సంది నీళ్లు మోసిండు, కట్టెలు కొట్టిండు. ఆకలై మొదటి బంతిల కూసున్నడు. వాన్ని గట్ల సూస్తె నాకెందుకో కోపమొచ్చింది. బాపు పోయిన కోపమో, నౌకరి నాకొచ్చిన సిగ్గో. నలుగురి ముందట ఒక మాటన్న."

"ఏమన్నవ్?"

"వద్దు."

"చెప్పు. నాలుగు కిలోమీటర్లున్నది."

"'నౌకరి లేదు గీకరి లేదు, తిననీకి మాత్రం మొదటి బంతిలనే కూసున్నవారా' అన్న."

"యా అల్లా."

"పప్పు కలిపిన చెయ్యి గట్లనే ఆగింది. ముద్ద ఎత్తలే. లేసిండు, చెయ్యి కడుక్కున్నడు, పెండ్లాన్ని పిల్లను తీస్కొని బస్సెక్కిండు. పద్నాలుగేండ్లాయె."

"ఎవ్వరు ఆపలేదా?"

"మా అవ్వ బస్సెంబడి ఉరికింది. నేను అందరికి చారు పోస్తున్న."

"లక్ష్మణ్..."

"గీ నాలుకనే అన్నది, ముష్తాక్. ఇప్పుడు సూడు, దీనికే..."

"ఊకో. శిక్ష, పాపం అని నా ముందల అనకు. నిన్ను గిట్ల జేసింది తంబాకు. మాటలకు శిక్ష వడితె నా అసొంటోనికి నోరే ఉండకపోవు."

"శిక్ష అంటలే. దీనికి ఇంకో ఆరు దినాలున్నయి. తప్పయిందని ఇదే నాలుకతోని అనాలె. అతుకేసిన దాంతోని అంటే వానికి సమజ్ గాదు. బయటోళ్లకు సమజ్ గాదన్నరు గదా. వాడు బయటోడే అయిండాయె."

"ఫోన్ల అనకపోయినవా ఇన్నేండ్లల్ల?"

"నంబర్ లేకుండె. గది ఒక సాకు. ఊరి ముందటికెల్లి పదిసార్లు పోయిన, నంబరెందుకు?"

"సరే. ఏమంటవో ఒకసారి నాకు జెప్పి సూడు. నేనే గోపాల్ అనుకో."

"తమ్మీ..."

"ఊఁ, అన్నా."

"తమ్మీ, ఆ దినం నేను... గాదు. నీ మొకం జూస్తె వస్తలేదు."

"గోపాల్ నా అంత అందగాడు కాడా?"

"నవ్వియ్యకన్న గదరా."

ఉట్నూరు బస్టాండ్ ఎదురుగా రేకుల హోటల్. తినేవాళ్లంతా వెళ్లిపోయారు. గోపాల్ ఒక్కడే బల్లలు తుడుస్తున్నాడు.

"ఇద్దరేనా? కూసోండ్రి. అన్నం ఉన్నది, కూరలే జర తక్కువున్నయి..."

"గోపాల్."

"నీళ్లు ఆడ ఉన్నయి, చేతులు కడుక్కోండ్రి."

"నేన్రా, లక్ష్మణ్‌ను."

"ఎర్కే."

"ఒక మాట జెప్పనీకి వచ్చిన. ఖని సంది నడిచొచ్చిన."

"నడుస్తవని గూడ ఎర్కే. గీ ఎన్క కిటికీలకెల్లి చెరువు కట్ట కనవడ్తది. ఏటా చలికాలం సంచులేసుకొని ఇద్దరు పోతరు. దూరంకెల్లి మొకం కానరాదు గని, నీ నడక నాకు తెల్వదా? అచ్చం బాపు నడక."

"మరి ఒక్కసారన్న పిలువకపోయినవా?"

"పిలిస్తె ఆగుతవన్న నమ్మకం లేకుండె."

"తమ్మీ..."

"గీ అన్న ఎవరు?"

"నేను ముష్తాక్‌ను, గోపాల్. మీ అన్న దోస్తును. జర ఆయన మాట ఇను, ఆయనకిప్పుడు టైం..."

"ముష్తాక్, నువ్వు ఊకో. నేను చెప్త. గోపాల్, బాపు పదకొండో దినం నేను నిన్ను..."

"వద్దన్నా."

"అననియ్యిరా. ఒక్క మాట. మంగళారం అయితె నాకు..."

"మంగళారం ముచ్చట మంగళారం సూద్దాం. ముందు గా సంచి దించు. ఎంత బక్కగైనవ్, అన్నా? వదిన అన్నం వెడ్తలేదా? ముష్తాకన్నా, నువ్వు గూడ కూసో. ఇగో, ఆకులు ఏసిన."

"తమ్మీ, నన్ను మాట్లాడనియ్యి. నీ కాళ్లు మొక్కుత."

"నువ్వు ఆ మాటెత్తితె నేను ఏడుస్త, అన్నం సల్లగైతది. నోరు మూసుకొని తిను, అన్నా. మాట్లాడుకోనీకి మనకు మస్తు దినాలున్నయి."