నీలం నగర్ కంప్యూటర్‌కు రాజారాం వైద్యం

రాజారాం నోరు తెరిచాడంటే మగ్గమైనా ఆగుతుందేమోగాని ఆయన ఆగడని బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసి తెలిసీ ఆ ఆదివారం సాయంత్రం నర్సమ్మ ఆయన్ను పిలిపించింది. ఇంటి ముందరి కట్ట మీద చాప వేసి కూచోబెట్టి, నీళ్లు తగ్గించి పాలు ఎక్కువ పోసి చాయ్ ఇచ్చింది. అవసరం ఆమెది మరి.

నర్సమ్మ కూతురు కమల నీలం నగర్‌లోని చద్దర్ల కార్ఖానాలో కంప్యూటర్ మీద పని చేస్తుంది. చద్దరు మీద రావలసిన నెమలినీ పులినీ పువ్వునూ ఆమె తెర మీద గళ్లు గళ్లుగా నింపుతుంది. ఆ నక్షాను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు చెప్పినట్టు మగ్గం నేస్తుంది. పని ఇంకా జోరుగా సాగాలని సేఠ్ దసరాకు ఆ కంప్యూటర్‌కు కొత్త మెమరీ వేయించాడు. దసరా వెళ్లింది మొదలు అది కుదురుగా నడిస్తే ఒట్టు. నక్షా సగంలో ఉండగా తెర మొత్తం నీలంగా మారిపోతుంది. లేదా తనంతట తానే ఆగి, తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. చేసిందంతా గాలిలో కలుస్తుంది. కొత్త ముక్క తీసేసి పాతదానితో నడిపి చూద్దామని కమల మొత్తుకుంది. "పెట్టె మూత ముట్టినవంటే చూడు" అన్నాడు సేఠ్. చివరికి, ఈ పిల్ల చెయ్యే మంచిది కాదు, రేపటి నుంచి రావద్దని చెప్పేశాడు. యంత్రం నడిస్తే యజమాని తెలివి, ఆగితే కూలి మనిషి చెయ్యి. ఆవిరి యంత్రం పుట్టిన నాటి నుంచీ ఈ లోకపు న్యాయస్థానంలో ఇదొక్కటే తీర్పు.

రాజారాం అదే కార్ఖానాలో జాబర్. మొరాయించిన మగ్గాలను దారికి తెచ్చే పని ఆయనది, అందుకే సేఠ్ ఆయన మాట కాస్త వింటాడు. ఆ ఒక్క మాట కోసమే ఈ చాయ్.

"తమ్మీ, మా కమల సంగతి..." అని నర్సమ్మ మొదలుపెట్టింది.

"కంప్యూటర్ సంగతేనా?" రాజారాం సాసర్‌లో చాయ్ పోసుకున్నాడు. "ఆ కంప్యూటర్ సంగతి నన్నడుగు నర్సక్కా. దాని కడుపుల ఏమున్నదో దాన్ని కన్నోనికి గూడ తెల్వది, నాకు తెలుసు."

పక్కింటి ఎల్లమ్మ బీడీలకు తునికాకు కత్తిరిస్తూ తల ఎత్తింది. గోడకు ఆనుకుని ఉన్న ముసలి పెంటయ్య బీడీ ముట్టించుకున్నాడు. ఆయన యాభై ఏళ్లు మగ్గం నేసినవాడు, రాజారాం కోతలు పుట్టినప్పటి నుంచి ఎరిగినవాడు.

"ఆ కొత్త మెమరీ ఎక్కించింది ఎవలనుకున్నరు?" అన్నాడు రాజారాం. "నేనే. దుకాణపోడు పండుగున్నదని ముక్క సేఠ్ చేతుల పెట్టి ఉరికిండు. సేఠ్ దాన్ని తేలును పట్టుకున్నట్టు పట్టుకొని, అరే రాజారాం, ఇటు రా బాబా అన్నడు. నేను పోయిన, మూత తీసిన, సందుల పెట్టిన, మూత బిగించిన. అంతే. చాయ్ చల్లారలే."

"అంతేనా?" అంది ఎల్లమ్మ నిరాశగా.

"అంతేనా అంటవేందక్కా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పండుగ ఎల్లినంక బటన్ నొక్కితే పెట్టె గజగజ వణికింది. చలిజ్వరం! పెట్టె వణికితే టేబుల్ వణికె, టేబుల్ వణికితే గోడ వణికె, గోడవతల మగ్గాల మీద పోగులు తెగె. సేఠ్ ఏడుపు మొకం పెట్టిండు. నేను ఏక్‌దం నిమ్మళంగ పెట్టెకు చెవి ఆనిచ్చిన. ఇంజనీర్లు పుస్తకం చూస్తరు, నేను చెవితోని చూస్త. లోపల ఏమున్నది? పాత మెమరీ, కొత్త మెమరీ కొట్లాట! పాతది నిదానం మనిషి, కొత్తది దూకుడు. పాతది ఒక పోగు అందిచ్చేలోపల కొత్తది నాలుగు పోగులు గుంజుతున్నది. అత్తాకోడండ్ల పంచాయితీ. నేను ఇద్దరికీ బుద్ధి చెప్పిన. అత్తను జర ఉరుకుమన్న, కోడలును జర ఆగుమన్న."

"విన్నయా?" అన్నాడు పెంటయ్య.

"వినక ఏడ పోతయ్ కాకా? గని కరెంటు సాలలే. ఇద్దరికీ బువ్వ కావాలె గద! అప్పుడు నేను కార్ఖానా గేటు మీదికెక్కి ఒక్క ఈల ఏసిన. నీలం నగర్ల ఉన్న మగ్గాలన్ని బంద్. ఒక్కటంటే ఒక్కటి నడవలే."

"నా కొడుకు మగ్గం నడుస్తనే ఉండె గదరా."

"నీకు చెవుడు గద కాకా, నడిచిందో ఆగిందో నీకెట్ల ఎరుక?"

ఎల్లమ్మ పకపక నవ్వింది. నర్సమ్మ నవ్వలేదు. ఆమె వేళ్లు ఆకును చుట్టి, దారం కట్టి, చాటలో పడేస్తూనే ఉన్నాయి. చూపు మాత్రం రాజారాం సాసర్ మీద ఉంది. ఆ చాయ్ అయిపోయేలోగా తన మాట ఎక్కడ దూర్చాలా అని చూస్తోంది.

"ఖరే సాంగ్తో, నిజం చెప్తున్న," రాజారాం గొంతు తగ్గించాడు. "మగ్గాల చప్పుడు ఆగంగనే ఏమైందో తెలుసా? తల్లి కడుపుల ఉన్నప్పటి నుంచి ఆ చప్పుడు వినుకుంట పండిన పిల్లలు, సడన్ గ ఏం వినపడకపొయ్యేసరికి ఉలిక్కిపడి లేచిన్రు. గల్లీ గల్లీల ఏడుపు. ఇటు ఆ మగ్గాల కరెంటంత ఉరికొచ్చి కంప్యూటర్ల పడ్డది. తెర మీద మన కమల గీసిన పులి ఉండె. దానికి ఇంకో తోక మొలిచె. మీసం మొలిచె. అట్ట లేదు, మనిషి లేడు, మగ్గం దానంతట అదే నేసుడు మొదలుపెట్టె! చద్దరు గజాలకు గజాలు నేసుకుంట కిటికీల నుంచి బయటకొచ్చి, రోడ్డు పట్టుకొని అశోక్ చౌక్ దాక పోయి, అక్కడ పులి ఒళ్లు విరుచుకొని లేచింది."

"అమ్మో!" ఎల్లమ్మ చేతిలో కత్తెర ఆగింది.

"లేచి, ట్రాఫిక్ పోలీసు నిలబడే గద్దె మీద కూసుంది. అక్కల్‌కోట్ బస్సు ఆగింది. సైకిళ్లు ఆగినయ్. పోలీసోడు ఈల మింగిండు. ఊరంత, రాజారాం ఏడి, రాజారాం ఏడి! నేను పులి మొకం చూడనేలే. ఎనకకు పోయిన, తోక కొసకు ఒక పోగు ఏలాడుతుండె, దొరకవట్టిన. గుంజుకుంట కార్ఖానా దిక్కు నడిచిన. తోక పాయె, నడుము పాయె, కాళ్లు పాయె. కార్ఖానాకు వచ్చి ఎనకకు చూస్తే పులి లేదు, నా చేతుల ఇంత నూలు ఉండ ఉన్నది!"

కథ అబద్ధమైనా ఆ నూలు ఉండ ముందు పెంటయ్య కూడా ఒక్క క్షణం నోరు తెరిచాడు. ఆ పనితనం ఆయనకు తెలుసు. చెడిన నేతను ఒక్క పోగు పట్టుకుని విప్పేయడం ఆయన కూడా చేసినదే.

"అప్పుడే ఫోన్ మోగింది," రాజారాం ఇక ఆగలేదు. "జపాన్ నుంచి!"

"జపాన్ భాష నీకు వస్తదారా?"

"ఏడుపుకు భాష ఏంది కాకా, వాడు ఏడుస్తుండు! ఇక్కడ నేను గుంజిన పోగు జపాన్ దాక ఊడుకుంట పోతున్నది. వాండ్ల కంప్యూటర్లు ఒకదాని ఎనక ఒకటి ఆగుతున్నయ్. రాజారాం సాబ్, దయ చేసి గుంజకు, నువ్వు చెప్పినట్టే మెమరీ చేస్తం అన్నడు. నేను ముడి ఏసిన. లోకం నిలిచింది. మన కంప్యూటర్ గూడ ఆ నిమిషం నుంచి సక్కగ..."

"సక్కగ నడిస్తే మొన్న తెర మళ్ల నీలం ఎందుకైంది తమ్మీ?" నర్సమ్మకు సందు దొరికింది. "మా పిల్లను ఎందుకు రావద్దన్నడు? నువ్వు సేఠ్‌తోని ఒక్క మాట..."

"ముచ్చట నడుమ అడ్డం రాకు నర్సక్కా."

"ముచ్చటేందిరా," పెంటయ్య బీడీని నేలకు రాసి ఆర్పాడు. "వీడు ఆ పెట్టెను ముట్టనే లేదు. నూనె చేతులోన్ని సేఠ్ ఆ చల్లగదిలకు రానిస్తడా? గడప బయట నిలబడి చూసి వచ్చిండు, అంతే."

ఎల్లమ్మ పడీ పడీ నవ్వింది. రాజారాం ముఖం నల్లబడింది. పులిని కాదనండి, జపాన్‌ను కాదనండి, ఆయన పట్టించుకోడు. మిషిన్‌ను ముట్టలేదంటే మాత్రం జాబర్‌కు పుట్టుకే లేదన్నట్టు.

"ముట్టలేదా? నా పిల్లల మీద ఒట్టు కాకా! ఖండే నవమి నాడు మగ్గాల పూజ అయినంక సేఠ్ పళ్లెం నా చేతుల పెట్టి, కంప్యూటర్‌కు గూడ నువ్వే బొట్టు పెట్టి ముక్క ఎక్కియ్యి, నేను గుడికి పోయొస్త అన్నడు. కొత్త సామాను బొట్టు లేకుండ ఎట్ల ఎక్కిస్తం? నువ్వు కొత్త అచ్చును బొట్టు పెట్టకుండ మగ్గానికి కడ్తవా?"

"కట్టను," అన్నాడు పెంటయ్య.

"మరి! ఆ ముక్కకు అడుగున బంగారం లెక్క మెరిసే పండ్లుంటయ్, దువ్వెనకు ఉన్నట్టు. బొట్టు యాడ పెట్టాలె? మెరిసే కాడ పెట్టాలె. ఒక్కొక్క పన్నుకు తడి పసుపు పెట్టిన, పసుపు మీద కుంకుమ పెట్టిన. సందుల పెట్టబోతే దూరలే, బిర్రుగున్నది. మగ్గం సామాను బిర్రుగుంటే ఏం జేస్తం? రెండు బొట్లు నూనె ఏసిన. సర్రున పాయె! ఇప్పుడు చెప్పు, నేను ముట్టిన్నా, ముట్టలేదా?"

ఆయన గెలిచినవాడిలా చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు.

గుమ్మంలో కమల నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె కళ్లు రాజారాం మీద అతుక్కుపోయాయి.

"మామా, ఆ బంగారం పండ్లకేనా? పసుపు? నూనె?"

"నవమి గదనే బిడ్డా..."

"వేలు గూడ తగలొద్దని క్లాసుల సారు చెప్పిండు మామా. చేతి చెమట అంటినా కరెంటు తిన్నగ పోదు, మిషిన్ ఆగుతదన్నడు. నువ్వు పసుపు ముద్ద చేసి..." ఆమె తల్లి వైపు తిరిగింది. "నేను ఆ దినం ఆఫీసుకే పోలే. నాకు సెలవుండె."

నర్సమ్మ చేతిలో సగం చుట్టిన బీడీ విచ్చుకుని పొగాకు ఒళ్లో రాలింది. ఆమెకు కంప్యూటర్ తెలియదు. తెలిసింది ఒక్కటే. సేఠ్ ఆ మాట అన్న నాటి నుంచి పిల్ల అన్నం ముందు కూచుని తన కుడిచెయ్యిని తిప్పి తిప్పి చూసుకుంటోంది. చూసి చూసి, ఏమో నిజమేనేమో అని తల్లే ఆ మణికట్టుకు నల్లదారం కట్టింది. సేఠ్ అన్నాడంటే ఆయనకు లాభం ఉంది. తను ఎందుకు నమ్మినట్టు? కన్నబిడ్డ చెయ్యిని తను ఎట్లా అనుమానించినట్టు? పైవాడు వేసిన నిందను కిందివాడి చేతే మోయించడం కన్నా పెద్ద దోపిడీ ఏముంది! నర్సమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. కమల చెయ్యి పట్టుకుని, ఆకు కత్తెరతో ఆ దారం పుటుక్కున కత్తిరించింది.

అది చూసి రాజారాంకు మెల్లగా తెలివొచ్చింది.

"అరే, ఉత్తగన్న నర్సక్కా," అన్నాడు చిన్న గొంతుతో. "ముచ్చటకు అన్న. పసుపు లేదు, నూనె లేదు. నేను దాన్ని ముట్టనే లేదు. కాకా చెప్పిందే నిజం. గడప బయట్నే ఉన్న."

"వారీ నీ నోరు పడ!" అంది ఎల్లమ్మ. "పులి నిజమన్నోనివి, పసుపు అబద్ధమంటవా?"

"పిల్లల మీద ఒట్టు పెట్టిండు," అన్నాడు పెంటయ్య. "జపాన్‌కు పెట్టలే. పులికి పెట్టలే."

రాజారాం చాయ్ సాసర్ కింద పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన, నేను ఏమీ చేయలేదు అన్న మాట అనడం అదే మొదటిసారి. ఆ ఒక్క మాటా ఎవరూ నమ్మలేదు.

నర్సమ్మ చాట పక్కకు నెట్టి లేచింది. ఒళ్లోని పొగాకు దులిపింది. ఆ పూట బీడీల లెక్క పూర్తికాకుండా చాట ముందు నుంచి ఆమె లేవడం ఎల్లమ్మ ఎన్నడూ చూడలేదు. చూసి, తనూ లేచింది.

"నడువు తమ్మీ. సేఠ్ ఈ యాళ్లకు ఇంట్లనే ఉంటడు."

"ఏమని చెప్పాలె అక్కా?" రాజారాం లేవలేక లేచాడు.

"గిప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు. పులిని చెప్పుకుంటవో, జపాన్‌ను చెప్పుకుంటవో నీ ఇష్టం, నేను అడ్డం రాను. పసుపు కాడికి వచ్చినంక మాత్రం ఒక్క మాట ఎక్కువ చెప్పకు, ఒక్క మాట తక్కువ చెప్పకు."

"సేఠ్ నమ్మడక్కా. నా మాట ఎవలు నమ్ముతరు?"

"నమ్ముతడు," అంది నర్సమ్మ, చెప్పులు తొడుక్కుంటూ. "ఆ పసుపు ముచ్చట్ల నీ గొప్ప ఏం లేదు గద."